ఉమ్మకుండా తిన్న కప్పు

మా అక్క ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం చేస్తుంది. ఆమెకు పాలు అరగవు. నమ్మకపోతే మీ ఇష్టం! చెంచాడు నోట్లో వేసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పి, పక్కనున్న స్టీలు గిన్నెలో ఉమ్మేస్తుంది. పొరపాటున మింగిందంటే పొట్టలో గుడగుడ, ఆ వెనకే బాత్‌రూమ్‌కి పరుగు. అందుకే అందరూ ఆమెను ‘గిన్నె మేడమ్’ అంటారు. అక్కడే ఫ్రీజర్ వ్యాను నడిపే నన్ను గిన్నె మేడమ్ తమ్ముడంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. అక్క నవ్వి ఊరుకుంటుంది.

అలాంటి అక్క మొదటిసారి సొంతంగా ఒక ఐస్‌క్రీమ్ తయారుచేసింది. ఎర్రగా కాచిన చక్కెర, కమలా తొక్క తురుము. ఓనరు ఒక చెంచా తిని "బ్రహ్మాండం" అన్నాడు. అయితే అది అమ్మకానికి రావాలంటే ఊరినిండా దుకాణాలున్న షావుకారు ఒప్పుకోవాలి. ఆయనకో పట్టింపు ఉంది. తయారుచేసిన మనిషి ఆయన ఎదుటే కప్పు మొత్తం తినాలి, కబుర్లు పూర్తయ్యేదాకా లేవకూడదు. మాట బాగానే ఉంది గానీ, మా అక్క పొట్టకు ఎవరు నచ్చజెబుతారు?

"పోనీ, నీ బదులు ఇంకొకరిని కూర్చోబెడదామా?" అన్నాడు ఓనరు. అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రమే నేను ఆమెను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

"పాల చక్కెరను అరిగించే ఎంజైమ్ నీలో బాగా తక్కువమ్మా, అంతేగానీ అసలు లేకపోలేదు" అంది డాక్టరమ్మ. "నీ పేగులో పాలు ఆగకుండా పరుగెడుతున్నాయి. ఉన్న కాస్తకీ పనిచేసే టైమ్ దొరకట్లేదు. విరేచనాలకిచ్చే మాత్ర ఒకటుంది, అది పేగు కదలికని నెమ్మది చేస్తుంది. కొందరికి దాంతో బాధ తగ్గుతుంది, అందరికీ తగ్గుతుందని చెప్పలేను. రోజూ మాత్రం వేసుకోకూడదు, మలబద్ధకం పట్టుకుంటుంది. ముందు ఇంట్లో ఒకసారి పాలతో చూసుకో."

సెలవురోజు అక్క మాత్ర వేసుకుని, కాసేపాగి గ్లాసుడు పాలు తాగింది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాం. బావ బాత్‌రూమ్ తలుపు తీసిపెట్టి కాపలా కూర్చున్నాడు. మా మేనకోడలు అక్క పొట్టకు చెవి ఆనించింది.

"ఏమైనా వినిపిస్తోందా?" అన్నాను ఉండబట్టలేక.

"కొంచెం గొణుగుతోంది మావయ్యా. అరవట్లేదు!"

సాయంత్రమైంది. అక్క కుర్చీలోంచి లేవలేదు. నేను ఎగిరి గంతేశాను. ఆనందం పట్టలేక బావని వాటేసుకున్నాను.

షావుకారు వచ్చిన రోజు ఐస్‌క్రీమ్ డబ్బా లోపలికి తెచ్చే వంకతో నేనూ ఆ గదిలోనే ఉన్నాను. అక్క తినడం మొదలుపెట్టింది. ఒక చెంచా మింగింది, ఇంకోటి మింగింది! షావుకారు రెండు చెంచాలు తిని, "బాగుందమ్మా, ఖాయం చేసేద్దాం" అన్నాడు. ఓనరు మొహం చేటంతైంది.

సరిగ్గా అప్పుడే అక్క చెంచా కింద పెట్టేసింది. మాత్ర పనిచేయలేదనుకుని తలుపు బార్లా తీశాను.

"తలుపెందుకురా తీశావ్? నా పొట్ట బానే ఉంది" అని షావుకారు వైపు తిరిగింది. "ఖాయం చేయకండి సార్. సగం కప్పయ్యాక గొంతులో చేదు తగులుతోంది. తొక్క ఎక్కువైంది. నేనెప్పుడూ మింగలేదు కదా, నాకిది ఇప్పుడే తెలిసింది."

ఓనరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. షావుకారు తన కప్పు ముందుకు లాక్కుని అడుగుదాకా తిన్నాడు. చివరికి మంచినీళ్లు అడిగాడు.

"నిజమేనమ్మా, చేదుంది. సరిచేసి తీసుకురా. నువ్వే తీసుకురావాలి, నువ్వు తిని బాగుందంటేనే కొంటాను."

నాకు ఈల వేయాలనిపించింది. ఇంతలో అక్క మళ్లీ చెంచా అందుకుంది.

"చేదన్నావుగా అక్కా, మళ్లీ తింటున్నావేంటి?"

"తిననీరా" అంది, నోటినిండా ఐస్‌క్రీమ్‌తో. "ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క కప్పైనా పూర్తిగా తిన్నానా?"