అత్తయ్య వైపు అద్దం

మా మామయ్య ఏ వస్తువైనా పాడైందంటే ఒక పట్టాన ఒప్పుకోడు. ముందు దాని చోటు మార్చి చూడాలంటాడు. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో లైన్లు బాగుచేసిన మనిషి. అక్కడ ఎవరి ఫోనైనా మూగబోతే, దాని తీగను పక్కింటికీ పక్కింటి తీగను దానికీ తగిలించి, లోపం ఫోనులో ఉందో తీగలో ఉందో తేల్చేవాడట. ఆయన రిటైరయ్యాడు గాని, ఆ అలవాటు ఇంకా డ్యూటీలోనే ఉంది. బంధువులందరికీ ఆయన మార్పిడి మామయ్య.

హాల్లో ఫ్యాను కిర్రుమంటోందని అత్తయ్య అన్నదే పాపం, దాన్ని విప్పి తన మంచం పైన బిగించాడు. తన ఫ్యాను తెచ్చి హాల్లో పెట్టాడు.

"లోపం ఫ్యానుదో, కొక్కేనిదో తెలియాలి కదరా."

ఫ్యాను ఆయన మంచం పైన కూడా కిర్రుమంది. లోపం ఫ్యానుదేనని తేలింది. తేలాక దేని చోటుకి దాన్ని చేర్చడమనేది మాత్రం ఆయన శాస్త్రంలో లేదు.

భోజనాల బల్ల దగ్గర నేను కూర్చున్న కుర్చీ ఓసారి ఊగింది. నన్ను లేపి, తన కుర్చీలో కూర్చోబెట్టి, ఊగే కుర్చీలో తను కూర్చున్నాడు. లోపం కుర్చీదా, నేలదా, నాదా అని పరిశోధన. ఆ పూట పప్పు సగం ఆయన చొక్కా మీదే తిన్నాడు.

వస్తువులతో ఆగితే బాగుండేది. ఇరుగుపొరుగు ఇద్దరు చెత్తబుట్ట గురించి తగాదా పడుతుంటే, వెళ్ళి ఒకరి వాకిట్లో ఇంకొకర్ని నిలబెట్టి, అదే తగాదా మొదటినుంచి కానివ్వమన్నాడు. ఎవరి తిట్లు ఎవరివో తెలియక సగంలోనే ఇద్దరికీ నవ్వొచ్చింది. బుట్ట ఇప్పుడు ఇద్దరి గుమ్మాలకీ మధ్యన ఉంది.

ఇక తలగడ కథ చెప్పకుండా ఆయన ఎవర్నీ ఇంట్లోంచి కదలనివ్వడు. అత్తయ్య తలగడలో దూది గడ్డలు కట్టింది. మామయ్య మార్చుకున్నాడు. కొన్నాళ్ళు మెడ పక్కకి పెట్టుకుని, వీధిలో అందర్నీ అనుమానంగా చూస్తున్నవాడిలా తిరిగాడు. తర్వాత ఒక పొద్దున లేచేసరికి తలగడ మెత్తగా ఉంది.

"చూశావుట్రా? చోటు మారితే వస్తువుకి బుద్ధొస్తుంది. దానికీ మనసుంటుంది."

అత్తయ్య ఈ కథ విన్నప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. విసుగనుకునేవాణ్ణి.

అలాంటి మామయ్య చేతికి కారు కిటికీ చిక్కింది. అదీ అత్తయ్య వైపు కిటికీ.

వేరే ఊళ్ళో ఉండే అత్తయ్య వాళ్ళక్కకి మోకాలి ఆపరేషను. ఒకసారి అన్నీ సిద్ధమయ్యాక ఆవిడ భయపడి ఆస్పత్రి నుంచి లేచొచ్చేసింది. ఈసారి చెల్లెలికి ఫోను చేసి ముందే చెప్పింది: "రేప్పొద్దున నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకుంటేనే బల్ల ఎక్కుతా. లేకపోతే ఈ మోకాలితోనే దేవుడి దగ్గరికి పోతా. ఆయనే చూసుకుంటాడు."

చిక్కేమిటంటే, అత్తయ్యకి బస్సు పేరు చెబితే చాలు, కడుపులో తిప్పుతుంది. కారులో ఏసీ వాసనా పడదు. ముందు సీట్లో, అద్దం పూర్తిగా దించుకుని, నిమ్మచెక్క చప్పరిస్తూ, మొహం గాలికి పెడితేనే ఆవిడ ప్రయాణం చేయగలదు.

మధ్యాహ్నం బయల్దేరాం. కారు నడిపేది నేను. వాళ్ళక్క కోసం కొన్న నడక స్టాండూ, దిళ్ళూ, సంచులూ వెనక సీట్లో ఒక పక్కంతా నింపేశాం. అత్తయ్య ముందు కూర్చుని మీట నొక్కింది. అద్దం దిగలేదు. నా వైపు నుంచి నేనూ నొక్కాను. కదల్లేదు. మెకానిక్కుకి ఫోను చేస్తే రేపు సాయంత్రం వస్తానన్నాడు.

అత్తయ్య మొహం చిన్నబోయింది. "అద్దం దిగకపోతే నేను ఆ మలుపు కూడా దాటలేను నాన్నా. అక్కకి ఫోన్ చేసి రాలేనని చెప్పేస్తా. మళ్ళీ లేచొచ్చేస్తుందేమో పిచ్చిది."

"ఆగవే," అన్నాడు మామయ్య. "పాడైందని ఎవరన్నారు? చోటు మార్చి చూద్దాం."

"అమ్మో, మొదలైంది," అంది అత్తయ్య.

ముందుగా, అన్ని కిటికీలకీ తాళం వేసే మీట నా తలుపు మీద ఉంటే, అది నొక్కి ఉందేమో చూశాడు. లేదు. తర్వాత ఫ్యూజుల పెట్టె తెరిచి, పక్కదాన్నీ దీన్నీ మార్చి పెట్టాడు. మార్పేమీ లేదు. చెవి తలుపుకి ఆనించి మీట నొక్కమన్నాడు.

"మోటారు ఉలకదు, పలకదు. దాని దాకా కరెంటు రావట్లేదురా."

"నా వైపు మీట నొక్కినా దిగట్లేదుగా మామయ్యా. అంటే మోటారే పోయిందేమో."

"నీ దగ్గర నొక్కినా కరెంటు మీ అత్తయ్య స్విచ్ దాటుకునే వెళ్ళాలిరా. ఈ ఇంట్లో ఏదైనా అంతేగా."

"నన్ను అనకుండా స్విచ్ కూడా చూడలేరు," అంది అత్తయ్య.

నా తలుపు మీది స్విచ్ వేరు గాని, మిగతా మూడు తలుపులవీ ఒకే అచ్చు. చెంచా కాడకి గుడ్డ చుట్టి, గీత పడకుండా, సామాను అడ్డం లేని నా వెనక తలుపు స్విచ్‌ని పైకి లేపాడు. కింద తీగల సాకెట్టు ఊడదీశాడు. అత్తయ్య తలుపుదీ అలాగే తీసి, వెనకది ఇక్కడ తగిలించాడు.

"ఇప్పుడు నొక్కు."

అద్దం సర్రున దిగింది. అత్తయ్య మొహం విప్పారింది. దేవుడికి దండం పెట్టి, ఆ చేత్తోనే నిమ్మచెక్క తీసింది.

మామయ్య పాడైన స్విచ్ మూత విప్పి చూశాడు. లోపల రాగి రేకులు చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. మూలన ఒక నిమ్మగింజ అతుక్కుని ఉంది. నేను చూశాను. నేను చూడటం ఆయన చూశాడు.

"ఏమైందండీ? నేనేమైనా పాడు చేశానా?" అంది అత్తయ్య లోపలినుంచి.

"నువ్వేం చేస్తావు? స్విచ్‌కి వయసైపోయింది. మనకవదూ?" అంటూ గింజని జేబులో వేసుకున్నాడు.

ఆ పాడైన స్విచ్‌ని తెచ్చి వెనక తలుపులో బిగించాడు. "ఖాళీగా వదిలితే పన్నూడిన నోరులా ఉంటుందిరా," అని దాని పక్కనే కూర్చున్నాడు.

కారు కదిలింది. అత్తయ్య కళ్ళు మూసుకుని గాలి తాగుతోంది. ఎండ మామయ్య వైపే ఉంది. కాసేపటికి నా ముందున్న చిన్నద్దంలో వెనక్కి చూస్తే ఆయన పేపరుతో విసురుకుంటున్నాడు. ఇంకాసేపటికి పేపరు తడిసి వంగిపోయింది.

"వెనక ఉక్కగా ఉందా మామయ్యా?"

"పరీక్ష నడుస్తోందిరా. మధ్యలో పలకరించకు."

అప్పుడు వెలిగింది నాకు. కిర్రుమనే ఫ్యాను ఎవరి మంచం పైన ఉంది? ఊగే కుర్చీ ఎవరి కింద ఉంది? మార్పిళ్ళన్నీ గుర్తు చేసుకున్నాను. ఒక్కదాంట్లో కూడా మంచిది ఆయన దగ్గర మిగల్లేదు.

దారిలో స్పేర్ పార్టుల దుకాణం కనిపిస్తే, కొత్త స్విచ్ కోసం మామయ్య దిగాడు. నేను అత్తయ్యతో గుసగుసగా చెప్పాను.

"ఇప్పుడా తెలిసింది నీకు?" అంది.

"తెలిసీ ఊరుకున్నావా?"

"చెబితే మానతారా? మానరు. అందుకే తలగడ నేనే మళ్ళీ మార్చేశా. గలీబులు రెండూ ఒకే గుడ్డతో కుట్టానులే. గడ్డలది ఇప్పుడు నా తల కిందే ఉంది. పాపం, దానికి బుద్ధొచ్చిందని ఆయన లోకమంతటికీ చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ."

నవ్వు ఆపుకుంటూ, "ఆ జేబులో నిమ్మగింజ కూడా ఉతికేటప్పుడు నాకే దొరుకుతుందిలే," అంది.

మామయ్య కొత్త స్విచ్‌తో వచ్చాడు. "కొత్తదాన్ని నమ్మకూడదు. ముందు నీ తలుపులో పెట్టి చూద్దాం."

"నాది కదిపారంటే నాకు ఇక్కడే తిప్పుతుంది," అంది అత్తయ్య, కడుపు పట్టుకుని.

గత్యంతరం లేక కొత్తది తన తలుపుకే పెట్టుకున్నాడు. అద్దం దిగింది. గాలి మొహానికి కొట్టింది. పరీక్ష మధ్యలో ఆగిపోయినవాడిలా ముభావంగా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున అక్కగారు చెల్లెలి చెయ్యి పట్టుకుని చక్రాల మంచం మీద వెళ్తూ, ఆపరేషను గది తలుపు దగ్గర మళ్ళీ లేవబోయింది. మామయ్య వంగి, "వదినగారూ, మంచం మార్చి చూద్దామా?" అన్నాడు. ఆవిడ నవ్వేసింది. ఆ నవ్వు మొహంతోనే లోపలికి తీసుకెళ్ళారు.

బయట రెండు కుర్చీలున్నాయి. ఒకటి ఊగుతోంది. మామయ్య రెండింటినీ కదిపి చూసి, అత్తయ్యని గట్టిదాంట్లో కూర్చోబెట్టి, టీ తెస్తానని వెళ్ళాడు. ఆయన మలుపు తిరగగానే అత్తయ్య లేచి, కుర్చీలు రెండూ అటుదిటు చేసి, ఊగేదాంట్లో గోడకి ఆనుకుని కూర్చుంది.

మామయ్య టీ గ్లాసులతో వచ్చి, జాగ్రత్తగా, బరువంతా ఆపుకుంటూ కూర్చున్నాడు. కుర్చీ ఊగలేదు. మళ్ళీ కదిలి చూశాడు. ఊగలేదు.

"చూశావుట్రా?" అన్నాడు నాతో, మొహం వెలిగిపోతుండగా.

అత్తయ్య పడిపోకుండా గోడ పట్టుకుని, ఎటో చూస్తూ టీ ఊదుకుంటోంది.