మళ్ళీ పుట్టడానికి పర్మిట్

నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషులో నాకు ధైర్యంగా వచ్చే మాటలు రెండే: ఎస్ సార్, సారీ సార్. పనికోసం వచ్చిన ఈ పరాయి దేశంలో, ఆ ఆదివారం బూన్ లే స్టేషన్‌లో రైలెక్కితే పక్కన ఎర్రబట్టల టిబెట్ సన్యాసి ఒకాయన కూర్చున్నాడు. మోచెయ్యి తగిలినందుకు సారీ సార్ చెప్పేసరికి నా ఇంగ్లీషు సగం అయిపోయింది.

ఆయన నవ్వి, "ఏ ఊరప్పా?" అన్నాడు, కన్నడంలో! కర్ణాటకలో శరణార్థుల కాలనీలో పుట్టి పెరిగాడట. మాది మడకశిర పక్క పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. ఇక నా నోటికి అడ్డేముంది?

సంచిలోంచి ఒకేలా ఉన్న నాలుగు జపమాలలు తీసి చూపించాడు. ఒకటి పోయినేడు చనిపోయిన ఆయన గురువుది. గురువు మళ్ళీ పుడతాడట. ఆ బిడ్డను వెతికి నాలుగూ ముందు పెడితే తన మాలే పట్టుకుంటాడట. టిబెట్‌లో పుడితే మాత్రం, చైనా ప్రభుత్వం ఒప్పుకోనిదే ఆ జన్మ చెల్లదట.

"పనికి పర్మిట్ నాకూ ఉండాది. పుట్టేదానికి కూడానా స్వామీ?"

"పుట్టేదానికి కాదప్పా. మళ్ళీ పుట్టేదానికి."

"మీరు వెతికేలోగా వాళ్ళే ఇంకో పిల్లోణ్ణి తెచ్చి, ఈయనే గురువంటే? మీ మాలలు మీ సంచిలోనే ఉంటాయి!"

ఆయన నవ్వలేదు. మాలలు ఒక్కొక్కటే సంచిలో సర్దుకున్నాడు. ఎగతాళి ఎక్కువైందని నాకే అనిపించి మళ్ళీ సారీ సార్ అన్నాను. తన స్టేషన్ వచ్చాక లేచి, నా భుజం తట్టి అన్నాడు:

"పీఠం మీద వాళ్ళు ఎవర్నైనా కూర్చోబెట్టుకోనీ. వంగేదీ వంగనిదీ మా నడుమే కదప్పా."