ఇసుకలో ఐదు వేళ్ళు

పెళ్ళయి అండమాన్ వచ్చిన కొత్తలో మా కాపురం సముద్రపుటొడ్డున, ఇసుక తిన్నెల వెనుక ఉండేది. మా ఆయనకు హాడో రేవులో ఉద్యోగం, శనివారం మాత్రమే ఇంటికి వచ్చేవారు. మిగతా రోజులు ఇంట్లో నేనూ, నా పిల్లీ. పక్కింట్లో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన జాలరి పెద్దమ్మ ఉండేది. ఇసుకలో ఏ అడుగుజాడ కనిపించినా గొంతుక్కూర్చుని, పక్కన తన చేతివేళ్ళు ఆనించి చూసేది.

ఒక ఉదయం ఆమె కోళ్ళు రెండు పోయాయి. ఆమె కొడుకు సంచి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"మీ బిల్లీయే తినేసింది దీదీ. అవతలి దీవిలో ఒగ్గేసి వస్తాను."

నేను పిల్లిని గుండెకు హత్తుకుని నిలబడిపోయాను. ఇంతలో పెద్దమ్మ వచ్చి మా ఇద్దరినీ తిన్నె మీదికి తీసుకెళ్ళింది. అక్కడ ఈకల పక్కన ఉన్న జాడ దగ్గరే నా పిల్లిని నడిపించింది.

"సూడు, పిల్లికి నాలుగు వేళ్ళే, గోరు దిగదు. దీనికి ఐదు, గోళ్ళు కూడా దిగినాయి. ఇది పునుగుపిల్లి."

"అయితే బోను పెడతానమ్మా."

ఆమె ఆ జాడ వెంటే ఉన్న చిన్న చిన్న అడుగులు చూపించింది. "పిల్లల తల్లిరా. ఒగ్గీ."

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ పాత వలను కోళ్ళగూడు చుట్టూ కడుతుంటే, నేను రెండో కొస పట్టుకున్నాను. ముడి వేస్తూ నెమ్మదిగా అంది:

"ఓడెక్కి ఇంత దూరం వచ్చినావు. ఆ పిల్లి కూడా పోతే, పగలంతా ఎవలితో మాట్లాడతావు?"

నా మాటలు గోడ అవతలికి వినిపిస్తున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.