జీడి తొక్కల పొగలో చందువ

మొన్న ఆదివారం కళింగపట్నం బీచ్‌లో నల్లటి పొగ లేచిందని మీరూ వినే ఉంటారు. బోటు తగలబడిందని కొందరు, వలల షెడ్డు అంటుకుందని కొందరు అన్నారట. అదేం కాదు. ఆ పొగ నాది!

నవ్వకండి. ముందు టీ తాగండి, చెప్తాను.

నరసన్నపేటలో నా సెల్ షాపు సంగతి తెలుసుగా, మధ్యాహ్నమైతే ఈగలు తోలుకోవడమే. ఈ మధ్య నెట్ చవకైపోయింది కదా, ఖాళీగా కూర్చుని గ్రిల్ వీడియోలు చూడ్డం మొదలెట్టాను. చూడగా చూడగా ఐడియా వచ్చింది. ఆదివారమైతే బీచ్‌కి ఎంత జనం! అక్కడ చేపలు కాల్చి అమ్మితే? జాగా మాత్రం మా మావది. మావంటే మా అమ్మకి తమ్ముడు, నాకు పిల్లనిచ్చినవాడు, అక్కడ సొంత బోటున్నవాడు. వెళ్లి అడిగాను.

"నువ్వు కాల్సిన సేప నా నోటికి నచ్చితే, షెడ్డు పక్కన జాగా నీదేరా అల్లుడా. నచ్చకపోతే మళ్లీ ఈ మాటెత్తకు," అన్నాడు.

ఒకటే ఛాన్సు! ఆన్‌లైన్‌లో గ్రిల్ తెప్పించాను. పటకారు, బ్రష్, ఆఖరికి ఏప్రాన్ కూడా. అది కట్టుకుంటే మా ఆవిడ ఉమ, "సేప కాల్సడానికెల్తన్నావా, ఆపరేసన్ సెయ్యడానికా బావా?" అంది. పట్టించుకోలేదు.

చందువ చేపలకి గాట్లు పెట్టి అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మరసం పట్టించాను. అంతవరకూ బాగానే ఉంది. అయితే వీడియోలో ఒక దొర బొగ్గుల మీద ఏదో నట్ల చెట్టు చెక్క ముక్కలు చల్లాడు. రుచంతా ఆ పొగలోనే ఉందన్నాడు. ఆ చెట్టు మనకెక్కడిది? అప్పుడు వెలిగింది నా బుర్ర. మన జిల్లాలో జీడికి లోటా! ఫ్యాక్టరీ దగ్గర్నుంచి గోనెసంచిడు జీడి తొక్కలు తెచ్చాను. పప్పే అంత రుచైతే తొక్క పొగ ఇంకెంత రుచి!

సాయంత్రం ఉమని కూడా తీసుకుని బీచ్‌కి వెళ్లాను. మావ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బొగ్గులు రాజుకున్నాయి. చేపలు పెట్టగానే చుయ్యిమన్నాయి. మావ గాలి పీల్చి, "బాగుందిరా వాసన," అన్నాడు. అక్కడితో ఆగొచ్చుగా? ఆగితే నేనెందుకవుతాను! దోసిళ్లతో తొక్కలు పోశాను.

భగ్గుమంది!

జీడి తొక్కలో నూనె ఉంటుందని, చేతికంటితేనే చర్మం పొక్కిపోతుందని చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆ టైముకి గుర్తొస్తేనా! కళ్లు మంట, ఒకటే దగ్గు. మావ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. "ఓలమ్మో, ఇదేటి! బోటంటుకున్నాదే!" అని అవతల ఎండుచేపలు ఎత్తుకుంటున్న ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని పరుగు. ఎవరో బిందెలతో నీళ్లు తెచ్చి గ్రిల్ మీద కుమ్మరించారు. నా మీద కూడా.

చందువలా? తారులో ముంచి తీసినట్టున్నాయి. జాగా పోయిందనుకున్నాను. నిజంగానే ఏడుపొచ్చింది. పొగ వల్లే అనుకున్నారు అందరూ, పరువు దక్కింది.

ఉమ మాత్రం కొంగు బిగించింది. "తప్పుకో బావా," అని పొగకి దూరంగా ఇసకలో గుంట తీసి, కొబ్బరి చిప్పలు ముట్టించి, డబ్బాలో మిగిలిన రెండు చందువల్ని అరిటాకులో చుట్టి నిప్పుల మీద పెట్టింది. మావ తిన్నాడు. ముల్లు తప్ప ఏమీ మిగల్చలేదు.

"మసాలా ఎవులు కలిపినారు?"

"నేనే మావా," అన్నాను, ఏప్రాన్ పిండుకుంటూ.

"బాగున్నాది. జాగా ఇస్తాను. మసాలా నీది, నిప్పు దానిది. నిప్పు జోలికెల్లినావంటే కాళ్లిరగ్గొడతాను!"

ఎగిరి గంతేశాను! వచ్చే ఆదివారం నుంచే మొదలు, మీరంతా రావాలి. ఉమ కాలుస్తుంది కాబట్టి ధైర్యంగా రావచ్చు. నన్నెవరూ నమ్మరనుకోకండి, నాక్కూడా అప్పుడే ఒక ఆర్డరొచ్చింది. మేం బయల్దేరేటప్పుడు మావ పక్కింటి తాత నన్ను పక్కకి పిలిచాడు.

"అల్లుడుగోరూ, ఇయ్యాల ఒక్క దోమ కుట్టనేదు బాబూ. మా వాకిట్లో కూడా ఓపాలి సేప కాల్సవా?"