సముద్రపు నీటి కరెంటు కోసం నందిగామ

ఈ ప్రయాణానికి కారణం నా నోరే. ఇంగ్లండులో శాస్త్రవేత్తలు ఒక గుండ్రటి గొట్టంలో సూర్యుడి నిప్పు పుట్టించారనీ, ఇక సముద్రపు నీటినుంచి కావలసినంత కరెంటు తీయవచ్చనీ 1958 మొదట్లో పత్రికలో చదివాను. జగ్గయ్యపేటలో సైన్సు మాస్టర్ని కదా, ఆగలేక మా ఊరి లైబ్రరీలో గంటసేపు ఉపన్యాసం దంచాను.

మా వెంకయ్య బాబాయి నమ్మేశాడు. అరవయ్యో ఏట కూడా ఎడ్లతో బావి మీద మోట తోలి మిరపతోట తడుపుకునే మనిషి. పది బావుల రైతులు సంతకాలు పెడితే ఊరికి కరెంటు లైను వేస్తామన్నారు కరెంటాఫీసువాళ్ళు ఆ వేసవిలో. తొమ్మిది పడ్డాయి. బాబాయి మాత్రం పెట్టలేదు.

"నువ్వు చెప్పిందే నిజమైతే ఈ స్తంభాలన్నీ దండగ కదరా?" అన్నాడు.

ఫిజిక్సు లెక్చరరు ఒకాయన నందిగామలో అత్తవారింటికి వచ్చాడని, ఆ దరఖాస్తు గడువు ఆఖరి రోజున తెలిసింది. కరెంటాఫీసూ అక్కడే. దరఖాస్తు పట్టుకుని ఇద్దరం బయలుదేరాం.

ఒంటిగంట బస్సు ఒకటిన్నరకి కదిలింది. టిక్కెట్టు తలా పది అణాలు. చిల్లకల్లు దాటాక వడగాడ్పు మొదలైంది. పక్క సీటులో పెద్దావిడ, "ఇంత ఎండలో ఎక్కడికి బాబూ?" అని అడిగింది.

"సూర్యుణ్ణి కింద తయారుచేస్తన్నారంటమ్మా. కనుక్కుందామని" అన్నాడు బాబాయి.

"ఉన్నోడు చాలడా నాయనా?" అందావిడ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

నందిగామలో కాఫీ తాగి, మూడున్నరకి లెక్చరరుగారి ఇల్లు పట్టుకున్నాం.

"ఆ మాట ఇంగ్లండువాళ్ళే వెనక్కి తీసుకున్నారు మాస్టారూ" అన్నారాయన. సూర్యుడి నిప్పుకి గుర్తనుకున్న న్యూట్రాన్లు గొట్టంలో పుట్టిన మాట నిజమేనట, కానీ అవి సూర్యుడి తరహా వేడికి పుట్టినవి కావట. అయితే అబద్ధమా? కాదట. నిజమా? అదీ కాదట. మండే వాయువును గోడకు తగలకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచాలట, అది మెలికలు తిరిగి జారిపోతుందట.

"గట్టు లేకుండా నీళ్ళు నిలబెట్టడం అన్నమాట" అన్నాడు బాబాయి.

"అదే, అదే!" అంటూ ఆయన కుర్చీలోంచి లేచారు. బాబాయికి అర్థమైంది, నాకు కాలేదు.

"మరి ఎప్పటికవుద్దండీ?"

"ఇరవై ఏళ్ళనే వాళ్ళున్నారు. ఎప్పటికీ కాదనే వాళ్ళూ ఉన్నారు."

బాబాయి అక్కడే కలం అడిగి సంతకం పెట్టాడు. టైమవుతోందిరా అని రెండుసార్లు నా భుజం తట్టాడు. నాకింకో సందేహం వచ్చింది. దాని వెనకే మరొకటి.

కరెంటాఫీసు చేరేసరికి అయిదుంబావు. తలుపుకి తాళం. "కాయితాలన్నీ బెజవాడ పట్టుకెళ్ళిపోయారండీ. ఇంక వచ్చే ఏడే" అన్నాడు పక్క కిళ్ళీకొట్టాయన.

ఆరింటి బస్సెక్కాం. బాబాయి కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. తిట్టినా బాగుండేది. నందిగామ వెళ్ళేవారికి నా సలహా ఒక్కటే. ముందు ఆఫీసు పని చూసుకోండి, సందేహాలు తర్వాత.

వెనక సీటాయన ఊరికే పలకరించాడు. "మావాడు సైన్సు మాస్టారండి. సూర్యుడి సంగతి కనుక్కొస్తన్నాం" అన్నాడు బాబాయి, గొప్పగా.

"ఏం తేలింది మాస్టారూ?"

తల నిండా గొట్టాలూ అయస్కాంతాలూ కలగాపులగమై ఉన్నాయి. "నాకు తెలియదండి" అన్నాను. నలుగురిలో ఆ మాట అనడం అదే మొదలు.

ఊళ్ళో తొమ్మిదిమంది మాకోసం చూస్తూ ఉంటారు. నాకు ఏడుపొచ్చింది. "వాళ్ళకేం చెప్పను బాబాయ్?"

"నేనే లేటు చేశానని చెప్తాలే" అన్నాడు. "నువ్వేం మాట్లాడమాక. పిల్లలకి చదువు చెప్పాల్సినోడివి."