‘బాండు’ అనే మాట నుండి విడుదల

సహోదరులారా, నా చీకటి కాలమంతా హన్మకొండలోని ఒక ప్రైవేటు బ్యాంకులో, ఏసీ కింద, టై కట్టుకుని గడిచింది కాబట్టి చూసినవారెవరికీ జాలి కలగలేదు.

మన దగ్గర డిపాజిట్ రసీదునూ బాండు అంటారు, బీమా పాలసీనీ బాండే అంటారు. మా మేనేజరు ఆ ఒక్క మాట మీదే బ్రాంచిని నడిపేవాడు. "అబద్ధమాడమంటలేనే తమ్మీ, బాండు అను, చాలు" అని, డిపాజిట్ కోసం వచ్చినవారికి బీమా అంటగట్టించేవాడు. బ్యాంకు సారును ఎదురడిగితే అమర్యాదని జనం అడగరు. తనిఖీ అధికారులు ముందే కబురు పెట్టి వచ్చి, ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు చూసుకుని పోతారు గానీ, సంతకం పెట్టిన మనిషిని తెలుగులో ఒక్క మాట అడగరు. నేనేమో ఎవరికీ అంటగట్టలేక, ఉద్యోగం పోతుందన్న భయంతో, అన్నం మాత్రం మానకుండా కృశించిపోయాను.

ఒకరోజు ధర్మసాగర్ నుండి ఎల్లవ్వ అనే పెద్దమ్మ, రెండు నెలల్లో జరగబోయే భర్త గుండె ఆపరేషను కోసం పొలం అమ్మిన డబ్బు తెచ్చింది. మేనేజరు ఆమెను నా ముందు కూర్చోబెట్టి, "ఈ బాండు గాకుంటే రేపు రాకు" అని నా చెవిలో చెప్పి వెళ్లాడు.

నేను బాత్రూములోకి పోయి, నేల తడిగా ఉన్నందున నిలబడే ప్రార్థించాను: "ప్రభువా, అగ్నిస్తంభం అక్కర్లేదు, నిజం చెప్పేంత ధైర్యం ఇయ్యి."

వచ్చి చెప్పాను. "పెద్దమ్మా, ఇది బీమా. అయిదేండ్లదాక పైసలు తియ్యరాదు."

"సారు బాండన్నడు గద బిడ్డా?"

"బాండే. నువ్వనుకున్న బాండు గాదు."

"గీ ముక్క జెప్పనీకె గంతసేపు బాత్రూముల ఏం జేసినవ్?"

ఆకాశం తెరుచుకోలేదు సహోదరులారా, వెనక నిలబడ్డవారు మాత్రం సంచుల్లోంచి కాగితాలు తీసి, "జర మాది గూడ సూడు తమ్మీ" అన్నారు. అందరూ చూస్తుండగా మేనేజరు ఆమె డబ్బు డిపాజిట్టులోనే వేయించాడు. దేవుని కృపవలన ఆపరేషను అయింది, ఎల్లవ్వ భర్త లేచి మునుపటిలాగే ఆమెతో పోట్లాడుతున్నాడు. నా ఉద్యోగం పోయింది, దానితోపాటు భయమూ పోయింది. దేవునికే మహిమ.

ఇప్పుడు అలా మోసపోయినవారి తరఫున బ్యాంకులకు ఫిర్యాదులు రాస్తున్నాను. కొన్నింటికి జవాబు వచ్చింది, రానివాటికి మళ్లీ రాస్తాను. మీరూ ప్రభువును నమ్మి, సంతకానికి ముందు "ఏ బాండు?" అని నోరు తెరిచి అడగండి. ఇప్పటికే పెట్టినవారు సిగ్గుపడకండి, కొత్త పాలసీని చేతికొచ్చిన ముప్పై రోజుల గడువులోగా వాపసు ఇవ్వవచ్చు. ఆరాధన ముగిశాక గేటు దగ్గర కూర్చుంటాను, కాగితాలు తీసుకుని రండి.