పాదాలకు నేల తెలియని రోజులు

ఆ రోజు పొద్దున క్యాంపస్‌లో ఎప్పటిలాగే నడుస్తున్నాం, నేనూ పద్మక్కా. పద్మక్క వాళ్లది అనంతపురం. ఉద్యోగానికని వచ్చి తార్నాకలోనే ఉండిపోయారు. ఇద్దరం యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాం, ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. హాస్టళ్ల మలుపు దాటి కొంత దూరం పోయాక ఆమె టక్కున ఆగింది.

"సుజాతా, నీ చెప్పు యాడమ్మా?"

కిందికి చూసుకున్నాను. ఎడమ కాలికి చెప్పు లేదు. చాలా వెనక, రోడ్డు మీద పడి ఉంది. పద్మక్క నవ్వింది, నేనూ నవ్వాను. కానీ వెనక్కిపోయి చెప్పు వేసుకుంటుంటే ఆలోచనలో పడ్డాను. తారు రోడ్డు మీద వట్టికాలితో నడుస్తుంటే నాకు తెలియకపోవడమేంటి?

అప్పటినుంచి గమనించడం మొదలుపెట్టాను. అరికాళ్ల కింద దూది పరిచినట్టుండేది. మెట్రో స్టేషన్ మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టూ కళ్లతో చూసుకుంటే తప్ప ధైర్యం చాలేది కాదు. కరెంటు పోతే గోడ పట్టుకునేదాన్ని. నాకు ఎన్నో ఏళ్లుగా షుగర్ ఉంది. మందులు తప్పను, రిపోర్టులూ బాగానే వస్తాయి. ఎప్పుడూ పోయే క్లినిక్‌లో చెబితే, "షుగర్ పేషెంట్లకు నరాలు ఇట్లనే అయితయమ్మా, వయసు కూడా ఉన్నది కదా" అని డాక్టర్ ఒక మాత్ర రాశారు. నేనూ వయసే అనుకున్నాను.

కొన్ని వారాలకు బాత్రూంలో పడ్డాను. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నాను, అంతే. జారలేదు, కళ్లు తిరగలేదు. నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే పక్కకు ఒరిగిపోయాను. మణికట్టు విరిగింది. మా ఆయన ఆటోలో హాస్పిటల్‌కు తీసుకుపోయాడు. సిమెంట్ కట్టు వేసిన ఎముకల డాక్టరమ్మ ఎట్లా పడ్డానో మళ్లీ మళ్లీ అడిగింది.

"చెయ్యి అతుక్కుంటదమ్మా. కానీ కళ్లు మూసుకుంటే మనిషి పడుడేంది? ముందు న్యూరాలజిస్ట్‌కు చూపించుకోండి" అంది.

ఆ మాటే నన్ను కాపాడింది.

న్యూరాలజిస్ట్ నన్ను మంచం మీద పడుకోబెట్టి ముందు పాదాలు పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో డాక్టర్లంతా నా రిపోర్టులు చూశారు గానీ పాదాలు ముట్టి చూసింది ఈయనే. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి మీద పెట్టి, "అదురు తెలుస్తుందా?" అన్నాడు. తెలియలేదు. చీలమండ మీదా తెలియలేదు. మోకాలి దగ్గర సన్నగా తెలిసింది. నిలబెట్టి కళ్లు మూసుకోమన్నాడు. మూసీ మూయకముందే ఊగిపోయాను, ఆయనే పట్టుకున్నాడు. "పాదాలకు నేల తెలియట్లేదు, ఇన్నాళ్లూ కళ్ల ఆసరాతోనే నిలబడుతున్నారు" అని, నరాల పనితీరు చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్, విటమిన్ బి12 టెస్ట్ రాశాడు.

బి12 చాలా తక్కువ వచ్చింది.

"గుడ్లు, మాంసం తింటారా?" అని అడిగాడు.

"మానేసి చాన ఏండ్లయింది సార్. పాలు గూడ తక్కువనే."

"మీరు వాడే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరికి బి12 తగ్గుతుంది. మంచి మందే, మీ అంతట మీరు ఆపొద్దు. కానీ తిండిలో కూడా లేకపోయేసరికి నరాలు దెబ్బతిన్నాయి. ఇంజెక్షన్లు మొదలుపెడదాం. పూర్తిగా వెనక్కి వస్తుందని మాత్రం చెప్పలేను."

ఇంజెక్షన్లు మొదలయ్యాక తగ్గాల్సింది పోయి మంటలు పెరిగాయి. కాళ్లకు కారం పూసినట్టుండేది. నరాలు తేరుకునేటప్పుడు కొందరికి అట్లా అవుతుందని డాక్టర్ చెప్పినా నా మనసు నిలవలేదు. దానికి తోడు మా ఆయన భయం. జీవితమంతా సిటీ బస్సు నడిపిన మనిషి, దేనికీ బెదిరినవాడు కాదు. నేను పడ్డ చప్పుడు ఆయన చెవిలోంచి పోలేదు.

"ఇగ నువ్వు బయటికి పోవుడు బంద్. కూరగాయలు నేను తెస్త, నువ్వు కూసో."

కూర్చున్నాను. నెలలు గడిచాయి. పద్మక్క ఒక్కతే నడకకు పోతుంటే బాల్కనీలోంచి చూసేదాన్ని. తొడలు సన్నబడ్డాయి. కుర్చీలోంచి లేవాలంటే చెయ్యి ఊతం కావాల్సి వచ్చేది. ఒకరోజు పద్మక్క పైకొచ్చి, నేను లేవడానికి పడే తిప్పలు చూసి, మా ఆయనతో నెమ్మదిగానే అంది.

"అన్నా, పడకుండా కాపాడుకుంటాండావు, మంచిదే. నడవకుండా గూడా కాపాడుతాండావు గదా!"

ఈసారి చెకప్‌కు పోయినప్పుడు ఆయనే డాక్టర్‌ను అడిగాడు. "కూర్చోబెడితే కండ బలం పోయి నిజంగానే పడతారు. నడిపించండి, కానీ నేర్పుగా" అన్నాడు డాక్టర్. ఫిజియోథెరపీకి పంపాడు.

అక్కడ నేర్పినవే ఇంట్లో చేసేదాన్ని. వంటింట్లో గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం, మడమలెత్తి మునివేళ్ల మీద లేవడం, కుర్చీలోంచి చేతులు వాడకుండా లేవడం. చిన్న పనులే, చెమటలు పట్టేవి. మా ఆయన రెండు చేతులూ చాపి వెనక నిలబడేవాడు.

"జిందగీ మొత్తం బస్సు నడిపిన. ఇప్పుడు నిన్ను నడిపిస్తున్న" అనేవాడు. నవ్వితే తూలుతానని నవ్వు ఆపుకునేదాన్ని.

మెల్లమెల్లగా మంటలు తగ్గాయి. అరికాళ్ల కింది దూది పలచబడ్డది. ఒక ఉదయం వంటింటి గచ్చు చల్లగా తగిలింది. తడి అనుకుని కిందికి చూశాను. తడి లేదు. గచ్చు చల్లదనమే అది. ఎన్నాళ్లకో తెలిసింది. అక్కడే నిలబడి ఏడ్చాను. మా ఆయన మళ్లీ పడ్డాననుకుని ఉరికొచ్చాడు.

ఇప్పుడు మళ్లీ క్యాంపస్‌లో నడుస్తున్నాను. వేళ్ల చివర్ల మొద్దుబారినతనం పోలేదు, ఇక పోదేమో కూడా. ఎగుడుదిగుడు దారి వస్తే చేతికర్ర వాడతాను, అందులో నామోషీ ఏమీ లేదు. తలస్నానం కూర్చునే చేస్తాను. బి12 వాడుతున్నాను, గుడ్డు తింటున్నాను. "ఇగ నేనొక్కన్నే దొంగలెక్క తినే పని లేదు" అని మా ఆయన సంబరం.

నా తోటి పెద్దవాళ్లకు ఒక్కటే చెబుతాను. కాలు తడబడితే వయసు మీద తోసెయ్యకండి. ముఖ్యంగా ఏళ్లుగా షుగర్ మందు వాడుతున్నవాళ్లు, ఈసారి డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు రిపోర్టులు ఇచ్చి లేచి రాకండి. "బి12 చూడాలా సార్? ఒకసారి నా పాదాలు కూడా చూడండి" అని నోరు తెరిచి అడగండి.